ఆఫీసు పని మీద బయటికెళ్లినప్పుడు ప్రమాదం జరిగితే యజమాని బాధ్యత ఎంతవరకు?

ఇద్దరు డ్రైవర్లు డ్యూటీలో ఉండగా నీళ్లలో పడి చనిపోయారు. ఒకతను అంబాలా నుంచి మీరట్‌కు ట్రక్కు నడుపుతూ, మండుటెండలో దారిలో కాలువ దగ్గర ఆగాడు. నీళ్ల కోసం దిగి జారిపడ్డాడు. ఇంకొకతను కర్ణాటకలో బండిని ఒక గుడికి తీసుకెళ్లి, కోనేటి మెట్ల మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి జారి మునిగిపోయాడు. మొదటి కుటుంబానికి పరిహారం ఇవ్వాల్సిందేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండో కేసులో మాత్రం, ఆ మరణానికీ అతని ఉద్యోగానికీ ఉన్న సంబంధం రుజువు కాలేదని 2009లో అదే కోర్టు అంది.

రెండు ప్రమాదాలూ యజమాని ఆవరణకు ఎక్కడో దూరంగా జరిగినవే. కాబట్టి ప్రమాదం ఎక్కడ జరిగింది అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. ఆ మనిషి ఆ సమయానికి అక్కడ ఎందుకున్నాడు అన్నదే ప్రశ్న. ఎండాకాలంలో దూరప్రయాణం చేసే ట్రక్కుకూ నీళ్లు కావాలి, డ్రైవరుకూ నీళ్లు కావాలి. కాలువ దగ్గరికి అతన్ని తీసుకెళ్లింది ఉద్యోగమే. కోనేటి మెట్ల మీద కూర్చోవడం మాత్రం అతని సొంత ఇష్టమని కోర్టు చూసింది. నాకైతే ఈ రెండో తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు. బండి ఆపి ఎదురుచూడడం కూడా డ్రైవరు పనిలో భాగమే, ఎక్కడో ఒకచోట కూర్చోక తప్పదు. అయినా ఈ రెండు కేసుల మధ్య ఉన్న గీతను అర్థం చేసుకుంటే మిగతా చట్టం చాలావరకు అర్థమవుతుంది.

మన దేశంలో ఈ బాధ్యతకు పునాది 1923 నాటి పరిహార చట్టం. మొదట్లో దాన్ని వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్ అనేవారు, 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చి దాని స్థానం తీసుకుంది. అంతకుముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. పేరు మారినా, పునాది సూత్రం మారలేదు. ప్రమాదం ఉద్యోగం చేస్తున్న క్రమంలో జరగాలి, ఉద్యోగం కారణంగా జరగాలి. ఈ రెండూ ఉంటే యజమాని పరిహారం ఇవ్వాలి. యజమాని తప్పు చేశాడని నిరూపించనక్కర్లేదు. చాలామందికి తెలియనిది ఇదే. "మా తప్పేముంది? ఎవడో లారీవాడు గుద్దాడు" అని కంపెనీ అంటే కుటుంబం నిజమేనేమో అనుకుని వెనక్కి తగ్గుతుంది. ఈ చట్టం కింద అది జవాబే కాదు. మనిషిని పంపించినవాడు ఆ పంపడంలో ఉన్న రిస్కుకు కూడా పూచీపడాలి.

ఉద్యోగి సొంత నిర్లక్ష్యం ఉన్నా పరిహారం పోదు. హెల్మెట్ పెట్టుకోలేదనో స్పీడుగా వెళ్లాడనో పరిహారం ఎగ్గొట్టడం కుదరదు. మద్యం లేదా మత్తు మందు ప్రభావంలో ఉండడం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించడం, భద్రతా పరికరాన్ని కావాలని తీసేయడం, ఈ మూడు కారణాలే యజమాని చెప్పుకోగలడు. ఆ మూడు కూడా మరణం జరిగినప్పుడు, లేదా ఉద్యోగి పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైనప్పుడు పనికిరావు. తాగి బండి నడిపాడు కాబట్టి ఏమీ రాదని చనిపోయినవాడి భార్యకు చెప్పేవాళ్లను నేను చూశాను. ఈ చట్టం కింద ఆ మాట తప్పు. బీమా పాలసీ షరతులు వేరు, యజమాని బాధ్యత వేరు.

రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లడం వేరు, ఆఫీసు పంపితే ఇంకో ఊరికి వెళ్లడం వేరు. ఈ తేడా కోర్టుల్లో చాలా కాలం నలిగింది. 1958లో సౌరాష్ట్ర ఉప్పు కార్మికుల కేసు వచ్చింది. పని ముగించుకుని వాగు దాటుతుండగా పడవ మునిగి కొందరు చనిపోయారు. ఆ పడవ అందరూ ఎక్కే పడవ కాబట్టి, అది పనిలో భాగం కాదని సుప్రీంకోర్టు అంది. 1996లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడి కేసు ఇంకా బాధాకరం. సైకిల్ మీద షిఫ్టుకు వెళ్తుంటే ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో లారీ గుద్దింది. షిఫ్టు మొదలవడానికి ఇంకా 15 నిమిషాలుంది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ప్రయోజనం రాదన్నారు. ఆ తీర్పుకు విరుగుడుగా 2010లో పార్లమెంటు ఈఎస్‌ఐ చట్టంలో 51ఈ సెక్షన్ చేర్చింది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో ప్రమాదం జరిగినా, సమయం, స్థలం, పరిస్థితులు పనితో ముడిపడి ఉంటే అది ఉద్యోగ ప్రమాదమే అంది.

1923 చట్టానికి మాత్రం అలాంటి సెక్షన్ లేదు. అందుకే ఈఎస్‌ఐ పరిధిలో లేని కుటుంబాలు కేసులు ఓడిపోతూ వచ్చాయి. 2025 జులై 28న సుప్రీంకోర్టు ఆ ఖాళీని పూడ్చింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు తెల్లవారుజామున 3 గంటల షిఫ్టుకు మోటార్‌సైకిల్ మీద వెళ్తూ, ఫ్యాక్టరీకి దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో ప్రమాదానికి గురై చనిపోయాడు. ప్రమాదం జరిగింది 2003 ఏప్రిల్‌లో. 22 ఏళ్ల తర్వాత వాళ్ల కుటుంబం గెలిచింది. ఆ వేళలో అతను ఆ దారిలో ఉండడానికి డ్యూటీ తప్ప ఇంకో కారణం లేదని కోర్టు గుర్తించింది. కొత్త సామాజిక భద్రతా కోడ్ కూడా ఇంటికీ పనికీ మధ్య ప్రయాణాన్ని స్పష్టంగా చేర్చింది.

ఇక ఆఫీసు పని మీద చేసే ప్రయాణానికి వద్దాం. ఇక్కడ ఉద్యోగి స్థితి ఇంకా బలంగా ఉంటుంది. వసూళ్ల కోసం ఊళ్లు తిరిగే ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు, డాక్టర్లను కలిసే మెడికల్ రిప్రజెంటేటివ్, టవర్ రిపేరుకు వెళ్లే టెక్నీషియన్, బ్యాంకు తరఫున రైతు పొలం చూడ్డానికి వెళ్లే ఫీల్డ్ ఆఫీసర్, వీళ్లకు రోడ్డే పనిచేసే చోటు. ఇంట్లో బండి ఎక్కిన క్షణం నుంచి వాళ్లు డ్యూటీలో ఉన్నట్టే. ఎన్నికల విధులకు వెళ్లే ప్రభుత్వ టీచర్ల విషయంలో ఎన్నికల సంఘం ఈ మాట సూటిగానే చెప్పింది. శిక్షణకైనా పోలింగుకైనా, ఇల్లు దాటినప్పటి నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా విధుల్లో ఉన్నట్టే లెక్క. ప్రైవేటు ఉద్యోగికి ఇంత సూటిగా రాసిన కాగితం ఉండదు. అందుకే అక్కడ గొడవ మొదలవుతుంది.

ప్రయాణం మధ్యలో మనిషి తింటాడు, టీ తాగుతాడు, మూత్రవిసర్జనకు ఆగుతాడు, రాత్రి లాడ్జిలో పడుకుంటాడు. వీటిని పని నుంచి విడదీయలేం. ఇందోర్, బుర్హాన్‌పూర్ మధ్య నడిచే బస్సు డ్రైవరు ఒకతను రాత్రి బస్సు దగ్గరే ఉండాల్సి వచ్చింది. భోజనం చేసి బస్సు పైనుంచి దిగుతూ పడి చనిపోయాడు. భోజనం సొంత పని కదా అని హైకోర్టు పరిహారం కొట్టేసింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి ఇప్పించింది. బస్సు దగ్గరే ఉండడం అతని ఉద్యోగం కోరింది, అక్కడ ఉన్నప్పుడు తినక తప్పదు. ఎంత సహజమైన తర్కం! అయినా ఆ కుటుంబం దీని కోసం ఢిల్లీదాకా వెళ్లాల్సి వచ్చింది.

దారి తప్పి పూర్తిగా సొంత పనికి వెళ్తే మాత్రం బాధ్యత తెగిపోతుంది. విజయవాడ బ్రాంచికి పంపితే, మీటింగ్ అయ్యాక గుంటూరులో బంధువుల పెళ్లికి వెళ్తూ ప్రమాదం జరిగిందనుకుందాం. ఆ గుంటూరు ప్రయాణం యజమాని లెక్కలోకి రావడం కష్టం. పెళ్లి చూసుకుని తిరిగి విజయవాడ వచ్చి, హైదరాబాద్ బస్సెక్కాక ప్రమాదం జరిగితే? అప్పుడు మళ్లీ ఆఫీసు ప్రయాణంలోకి వచ్చినట్టే అని వాదించడానికి గట్టి ఆధారం ఉంటుంది.

గుండెపోటు కేసులు వీటన్నిటికంటే చిక్కు. బయటి దెబ్బ లేకుండా మనిషి కుప్పకూలితే అది ప్రమాదమా? ఢిల్లీ నుంచి జార్ఖండ్‌లోని నిమియాఘాట్‌కు వెళ్తున్న ఒక ట్రక్కు డ్రైవరు 1,152 కిలోమీటర్ల దూరంలో ప్రాణం వదిలాడు. అంత దూరం బండి నడిపిన ఒత్తిడే మరణాన్ని తొందర చేసిందని 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒక వాహన క్లీనర్ గుండెపోటుతో చనిపోయిన కేసులో మాత్రం, అతని పనిలో ఒత్తిడి ఉందని చూపలేదు కాబట్టి పరిహారం రాదని 2006లో అదే కోర్టు తేల్చింది. ఇలాంటి సందర్భాల్లో ముందు రోజుల డ్యూటీ గంటలు, టార్గెట్ మెసేజీలు, నిద్ర లేకుండా చేసిన ప్రయాణాలు అన్నీ సాక్ష్యాలే.

డబ్బు ఎంత వస్తుంది? ఇక్కడే దారులు చీలతాయి. తప్పు దారి పట్టిన కుటుంబం లక్షల్లో నష్టపోతుంది.

ఉద్యోగి ఈఎస్‌ఐలో ఉంటే, అంటే జీతం నెలకు 21 వేల లోపు ఉండి సంస్థ చందా కడుతుంటే, భారం ఈఎస్‌ఐ కార్పొరేషన్ మీదికి వెళ్తుంది. చనిపోతే ఆధారపడినవారికి రోజువారీ సగటు వేతనంలో 90 శాతం లెక్కన నెలనెలా డబ్బు అందుతుంది. అప్పుడు అదే ప్రమాదానికి యజమానిని పరిహార చట్టం కింద మళ్లీ అడగలేరు. నిజానికి నెలనెలా వచ్చే ఈ డబ్బు ఒకేసారి వచ్చి అప్పులవాళ్లకు, బంధువులకు కరిగిపోయే మొత్తం కంటే చాలా కుటుంబాలకు మేలు.

ఈఎస్‌ఐ లేకపోతే పరిహార చట్టం లెక్క. మరణానికి నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చిస్తారు. 25 ఏళ్లకు ఆ అంకె 216.91, 35 ఏళ్లకు 197.06, 50 ఏళ్లకు 153.09. చిక్కు ఎక్కడుందంటే, జీతం ఎంతున్నా లెక్కలోకి తీసుకునేది కొంతవరకే. 2020 జనవరి 3 నోటిఫికేషన్ ప్రకారం ఆ పరిమితి 15 వేలు. కాబట్టి 35 ఏళ్ల ఉద్యోగికి 40 వేల జీతం ఉన్నా పరిహారం 7,500ను 197.06తో హెచ్చించగా వచ్చే 14 లక్షల 77 వేల 950 రూపాయలే. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే సగం బదులు 60 శాతం తీసుకుంటారు. ఆసుపత్రి ఖర్చు అసలు ఎంతయితే అంత వేరుగా ఇవ్వాలి.

అదే మనిషి రోడ్డు మీద వేరే వాహనం తప్పు వల్ల చనిపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి కూడా ఉంది. అక్కడ జీతానికి పరిమితి లేదు. పర్మినెంట్ ఉద్యోగి, 40 ఏళ్లలోపు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడ్డారనుకుందాం. ఏడాదికి 4 లక్షల 80 వేల జీతానికి భవిష్యత్తు పెరుగుదల కింద 50 శాతం కలిపితే 7 లక్షల 20 వేలు. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 5 లక్షల 40 వేలు. 35 ఏళ్ల వయసుకు దాన్ని 16తో హెచ్చిస్తే 86 లక్షల 40 వేలు. ఆదాయపు పన్ను మినహాయిస్తే కొంత తగ్గవచ్చు, అయినా 14 లక్షలకూ దీనికీ పోలికే లేదు.

అలాగని ట్రిబ్యునలే ఎప్పుడూ మేలు అనలేం. అక్కడ ఎదుటివాడి నిర్లక్ష్యం నిరూపించాలి. గేదె అడ్డొచ్చి బైకు పడిపోయినా, గుద్దిన లారీ దొరక్కపోయినా ఆ పెద్ద మొత్తం దక్కదు. పరిహార చట్టానికి అవేవీ అడ్డు కావు. ఒకే ప్రమాదానికి రెండు చట్టాల కిందా పరిహారం కోరడానికి వీల్లేదని మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ చెబుతోంది. అందుకే మొదటి దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందే లెక్క వేసుకోవాలి. యజమాని తనంతట తాను, ఈ కేసులు వినే కార్మిక శాఖ కమిషనర్ దగ్గర డబ్బు జమ చేస్తే, దాన్ని తీసుకున్నంత మాత్రాన ట్రిబ్యునల్ దారి మూసుకుపోదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకున్న మొత్తాన్ని తర్వాత తగ్గిస్తారు, అంతే. గడువు విషయంలో మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్ నుంచి ట్రిబ్యునల్‌కు ఆరు నెలల్లోపు వెళ్లాలి. 1923 చట్టం రెండేళ్లు ఇచ్చింది.

ఉద్యోగి సొంత బైకు మీద వెళ్లాడు కాబట్టి మాకు సంబంధం లేదని కొన్ని కంపెనీలు అంటాయి. బండి ఎవరిదన్నది యజమాని బాధ్యతను మార్చదు, పని ఎవరిదన్నదే ముఖ్యం. ఇంకో మాట. బండి ఇన్సూరెన్సులో బండి ఓనరే నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. కొన్ని వందలు మిగులుతాయని రెన్యువల్ చేసేటప్పుడు చాలామంది దాన్ని తీసేయిస్తారు. ఫీల్డ్ ఉద్యోగం చేసేవాళ్లు దయచేసి అలా చేయకండి. పీఎఫ్ ఉంటే దానితోపాటే వచ్చే జీవిత బీమా ఈడీఎల్‌ఐ కింద, ఉద్యోగి చనిపోతే గరిష్ఠంగా 7 లక్షలు వేరుగా వస్తుంది. అది ప్రమాదమా కాదా అని కూడా అడగరు.

కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్ల సంగతి మన రాష్ట్రాల్లో ఎక్కువగా వినిపిస్తుంది. కరెంటు లైన్ల మీద, కేబుల్ తవ్వకాల్లో, టవర్ల మీద పనిచేసేవాళ్లలో చాలామందికి తమ యజమాని ఎవరో కూడా సరిగ్గా తెలియదు. చట్టం వాళ్ల పక్షాన ఉంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చిన అసలు సంస్థ, తన సొంత ఉద్యోగికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలి. ఆ తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల గొడవ. ఫుడ్ డెలివరీ కుర్రాళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు. కంపెనీలు వాళ్లను ఉద్యోగులు అనవు, పార్ట్‌నర్లు అంటాయి. కొత్త కోడ్ వాళ్లకు సామాజిక భద్రతా నిధిని తెచ్చింది కానీ, ఉద్యోగికి యజమాని చెల్లించే పరిహారం పరిధిలోకి తేలేదు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. రోజుకు పన్నెండు గంటలు ట్రాఫిక్‌లో తిరిగే మనిషికి అది చాలదని నా అభిప్రాయం.

ఇంత చట్టం ఉండి కూడా కుటుంబాలు ఎక్కడ ఓడిపోతున్నాయి? సాక్ష్యం దగ్గర. ఆ రోజు అతన్ని ఎక్కడికి పంపారో చెప్పే కాగితాలు యజమాని చేతిలో ఉంటాయి. కుటుంబం ఆసుపత్రి, పోస్ట్‌మార్టం, అంత్యక్రియల టెన్షన్‌లో ఉన్న రోజుల్లోనే ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్, సిమ్ వెనక్కి వెళ్లిపోతాయి, వాట్సాప్ గ్రూపు నుంచి నంబరు తీసేస్తారు. నెల తిరిగేసరికి "ఆ రోజు లీవులో ఉన్నాడు" అనే మాట వస్తుంది. కాబట్టి ఫోన్ వెనక్కి ఇచ్చే ముందు మేనేజర్ పంపిన మెసేజీలు, లొకేషన్ అటెండెన్సు, కస్టమర్‌తో మాట్లాడిన కాల్ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. టూర్ ప్రోగ్రాం, టీఏ బిల్లులు, పెట్రోలు రసీదులు దాచండి. ఎఫ్‌ఐఆర్‌లో "సొంత పని మీద వెళ్తుండగా" అని ఎవరో అలవాటుగా రాయిస్తారు. ఆ ఒక్క వాక్యం మూడేళ్ల కేసును ముంచగలదు. ఫిర్యాదు ఇచ్చేటప్పుడే ఏ కంపెనీ పని మీద ఎక్కడికి వెళ్తున్నాడో రాయించండి. కొత్త లేబర్ కోడ్‌ల కింద ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. అది లేనివాళ్లు ఇప్పుడే, బాగున్న రోజుల్లోనే, అడిగి తీసుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. ఇంటికొచ్చి రెండు లక్షలు చేతిలో పెట్టి, ఇక ఏ క్లెయిమూ చేయమని బాండ్ పేపరు మీద సంతకం తీసుకుంటారు. అలాంటి ఒప్పందం 1923 చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మరణ పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలి. కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, నేరుగా కుటుంబానికి ఇచ్చిన డబ్బును చట్టం చెల్లింపుగానే చూడదు. ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు కూడా ధైర్యంగా దరఖాస్తు చేయవచ్చు.

యజమానులకూ ఒక మాట చెప్పాలి. చిన్న ఏజెన్సీ నడిపేవాళ్లు ఫీల్డ్‌లో తిరిగే కుర్రాళ్ల కోసం బీమా తీసుకోకపోతే ఒక్క ప్రమాదంతో వ్యాపారమే మూతపడొచ్చు. పరిహారం ప్రమాదం జరిగిన రోజే బాకీ అవుతుందని 1975లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా అదనం. వడ్డీ బీమా కంపెనీ కట్టినా, జరిమానా మాత్రం యజమాని జేబులోంచే పోవాలని 1997 తీర్పు. అందుకే ప్రమాదం జరిగిన వారంలోపు కమిషనర్‌కు తెలియజేసి, డబ్బు జమ చేయడమే యజమానికీ చవక.

మన రెండు రాష్ట్రాల్లో కార్మిక శాఖ డిప్యూటీ, అసిస్టెంట్ కమిషనర్లే ఈ కేసులు వింటారు. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలన్న నియమం లేదు. గుజరాత్‌లో సైటు పనికి వెళ్లి చనిపోయిన శ్రీకాకుళం మనిషి భార్య శ్రీకాకుళంలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీ విదేశానికి పంపిన ఉద్యోగికి అక్కడ ప్రమాదం జరిగినా ఈ చట్టం వర్తిస్తుంది. తీర్పు నచ్చక యజమాని హైకోర్టుకు వెళ్లాలనుకుంటే, ముందుగా మొత్తం పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చేసి, ఆ ధ్రువపత్రాన్ని అప్పీలుకు జత చేయాలి.